గొంతు చించుకునే పాటలు

నా గొంతు మొదటి నుంచీ అంత మంచిది కాదు. పెళ్లయి ఈ వాడకు వచ్చాక పూర్తిగా పాడైంది. మా ఇంటికీ మగ్గాల కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. పొద్దున పవర్‌లూంలు మొదలయ్యాయంటే అలమరలో గిన్నెలు కూడా వాటితో పాటు వణుకుతాయి. ఉప్పు అందివ్వమనాలన్నా అరవాలి, అన్నానికి రమ్మనాలన్నా అరవాలి. అలా ముప్ఫై ఏళ్లు అరిచాను. ఫోన్‌లో నా మాట విన్న కొత్తవాళ్లు నన్ను ఆడమనిషి అనుకోరు, "హా భావూ, బోలా" అని మరాఠీలో అన్నను పిలిచినట్టు పిలుస్తారు. నాతో బీడీలు చుట్టే ఆడవాళ్లయితే, బస్ స్టాండులో టిక్కెట్ల కోసం తోసుకునేవాళ్లను అదిలించడానికి నన్ను పెట్టుకోవచ్చని నవ్వుతారు.

అందుకే గొంతు ఇంకా పాడవుతుంటే ఎవరూ గమనించలేదు. నాకూ తెలియలేదు. పట్టుకున్నది నా కూతురు. దానికి ఇరవై ఐదేళ్లు. కొంతం చౌక్ అవతల ఒక కార్ఖానాలో తువ్వాళ్ల అంచులు కుట్టే పని. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి నా ముఖం చూసింది.

"అమ్మా, నీ మాట నడుమల గాలొస్తున్నదేందే?"

"గాలి రాకపోతే మాటెట్ల వస్తదే?" అన్నాను. అది నవ్వలేదు.

అది ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు. మా ఆయన పోయి ఏడేళ్లయింది. ఆయనకు కూడా మాట మధ్యలో గాలితోనే మొదలైంది. మందుల షాపు గోళీలు, ఉప్పునీళ్లతో పుక్కిలించడం, ఎవరో చెప్పిన కషాయం, అన్నీ అయ్యాక పెద్ద దవాఖానాకు వెళ్తే అప్పటికే గొంతంతా పాకిపోయిందన్నారు. ఆయన తంబాకు నమిలేవాడు. నేను నమలను. కానీ పాతికేళ్లుగా ఒళ్లో తంబాకు చాట పెట్టుకుని కూర్చున్నదాన్ని. ఆ పొడి నా చీరల్లో ఉంటుంది, తలలో ఉంటుంది, దగ్గితే బయటికొస్తుంది. కాబట్టి అది ఏం భయపడుతోందో నాకు తెలుసు, నేను ఏం భయపడుతున్నానో దానికి తెలుసు. ఇద్దరం ఆ మాట మాత్రం అనలేదు.

ఇక పాటల సంగతి చెప్పాలి. నా కూతురు వినే పాటలు మా వాడలో ఎవరూ వినరు. రాక్ అంటుంది, హెవీ మెటల్ అంటుంది. కుట్టు మిషన్ల పక్కనే మగ్గాలు నడుస్తుంటే మామూలు పాటలు చెవికి ఎక్కవట. ఇవి మాత్రం మగ్గాల చప్పుడును చీల్చుకుని వినిపిస్తాయట. మొదటిసారి దాని చెవిలోంచి ఒక తీగ తీసి నా చెవిలో పెట్టుకున్నప్పుడు నేను బెదిరిపోయాను.

"ఏందే గది? ఎవర్నన్న కొడుతున్నరా?"

"పాడుతున్నడమ్మా."

"గిది పాటనా? పాపం, ఆయన్ని ఇడిసిపెట్టమనే!"

అప్పటి నుంచి దాన్ని తిడుతూనే ఉన్నాను. దయ్యం పాటలన్నాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు ఆ ఫోన్ తియ్యొద్దన్నాను. అది మాత్రం నవ్వుతూ, "నీ గొంతు అసొంటి గొంతుకే ఆడ పైసలిచ్చి టిక్కెట్లు కొంటరు, నీకేం ఎరుక" అనేది.

దవాఖానాకు వెళ్లిన రోజు వరుస చాలా పొడుగ్గా ఉంది. గోడకు ఆనుకుని బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా గొంతుకు గుడ్డ చుట్టుకున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూడకుండా ఉండాలని నేను నేల చూస్తున్నాను. కూతురు ఏమీ అడగకుండా ఒక తీగ నా చెవిలో పెట్టి, ఇంకొకటి తన చెవిలో పెట్టుకుంది. ఆ రోజు నాకు తిట్టే ఓపిక లేదు.

విన్నాను. అరుపుల కింద డ్రమ్ముల దెబ్బ వినిపించింది. రెండు కాళ్లతో కొడతారట, ఆగకుండా. అది నాకు కొత్త చప్పుడు కాదు. దారం మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయి తగిలినప్పుడు మగ్గం చేసే చప్పుడే. నా చెవి దానంతట అదే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మా ఆయన ఇంట్లో అన్నం తింటూనే, గోడ అవతల ఎన్నో మగ్గం తప్పుతోందో చెప్పేవాడు. ఆయనతో ఉండి ఉండి నాకూ ఆ చెవి వచ్చింది. ఆ పాటలో దెబ్బ సరిగ్గా రావడం లేదు. నేను కూతురు మోచేతిని పొడిచాను.

"బంద్ జెయ్యే. వీళ్లది మగ్గం తప్పుతున్నది. ఒక దెబ్బ తక్కువ పడుతున్నది."

అది నా వైపు నోరు తెరుచుకుని చూసింది.

"నీకెట్ల ఎరుకైందే? గది తప్పు కాదమ్మా, వాళ్లు కావాలనే ఎనిమిదికి బదులు ఏడు కొడుతరు. నాకు గిది దొరకవట్టనీకి నెల పట్టింది!"

"ఏడెందుకు? ఎనిమిది కొడితే ఏం పోయింది వాళ్లకు?"

అది ఆ పాటను మళ్లీ పెట్టింది. ఈసారి ఇద్దరం వేళ్ల మీద లెక్కపెట్టాం. మా నంబరు పిలిచేసరికి మూడోసారి వింటున్నాం. ఎదురుగా ఉన్నాయన కూడా మా వేళ్లనే చూస్తున్నాడు.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నని గొట్టం దింపి చూసింది. మాట పుట్టే చోట ఏదో లేచి ఉందన్నది. రెండు రోజులాగి మత్తిచ్చి దాన్ని తీసి, పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ నోటి నుంచి ఒక్క మాట రాకూడదు. గుసగుసలాడటం అరవడం కంటే చెడ్డదట, అదీ వద్దన్నది. తంబాకు దగ్గరికి కూడా పోవద్దన్నది.

పని లేదు, మాట లేదు. మనిషికి ఇంకేం మిగిలింది చెప్పండి? నాకు రాయడం రాదు. సంతకం వరకే వచ్చు. కూతురు పొద్దున పనికి పోతే సాయంత్రం దాకా నేనూ గోడ అవతలి మగ్గాలే. చేతులు ఊరికే ఉండలేక లేని ఆకును చుడుతుండేవి.

అది తెలిసి కూతురు నా ఫోన్‌లో తన పాటలు నింపింది. ఒక్కో పాటకు ఒక్కో బొమ్మ. పేర్లు నేను చదవలేను కానీ బొమ్మలు గుర్తుపట్టగలను. "బొమ్మ మీద వేలు పెట్టి గీ బాణం గుర్తు ఒత్తు. ఎవరికి పోవాల్నో అడుగుతది. పైన నేనే ఉంట. ఒత్తితే నాకొస్తది" అని నేర్పింది. మర్నాటి నుంచి మా మాటలన్నీ పాటలే. దున్నపోతు పుర్రె ఉన్న పాట పంపితే 'తొందరగా ఇంటికి రా' అని. మంచులో పడవ ఉన్నది పంపితే 'అన్నం తిన్నాను, బాగున్నాను' అని. అది చాలా పాత పాట, నా పెళ్లికి ముందటిది. పాడినవాళ్లకు ఇప్పుడు జుట్టంతా నెరిసి ఉంటుందని కూతురు చెప్పింది. అందులో గిటారు ఒక్కటే చాలాసేపు నింపాదిగా వాయిస్తారు, తర్వాతగానీ గొంతు రాదు. నాకు పాతవే నచ్చాయి. వాళ్లు అరిచినా మధ్యలో ఊపిరి తీసుకుంటారు. కొత్తవాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక కూడా లేదు. కూతురికేమో కొత్తవే ఇష్టం. పొద్దున్నే ఒకటి, అన్నం వేళకు ఒకటి పంపేది. నేను విని బొటనవేలు బొమ్మ పంపేదాన్ని.

ఆరో రోజు పొద్దున పదకొండింటికి నా చేత ఒక తప్పు జరిగింది.

మా బీడీలు చుట్టేవాళ్లకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఆకు ఎప్పుడు వస్తుంది, కట్టలు ఎప్పుడు తీసుకుంటారు అని అందులో చెప్పుకుంటాం. మాలో సగం మందికి రాయడం రాదు కాబట్టి ఎవరూ రాయరు, మాటలే పంపుతారు. ఆ పొద్దున ఆకు వచ్చిందని ఎవరో చెప్పారు. దాంతో ఆ గ్రూపు పైకి వచ్చి కూర్చుంది, కూతురు కిందికి పోయింది. పైన ఉన్నది కూతురే అనుకుని నేను దున్నపోతు పుర్రె పాటను అక్కడికి పంపాను.

ఆ పాట ఎలా మొదలవుతుందంటే, వాద్యం ఏమీ ఉండదు. ముందు ఒక మగాడు బొంగురు గొంతుతో కడుపులోంచి ఒక పెద్ద కేక పెడతాడు. తర్వాత ఆయాసంతో ఊపిరి లాగుతాడు. మళ్లీ కేక పెడతాడు. ఆ తర్వాతే డ్రమ్ములు.

డ్రమ్ముల దాకా ఎవరు విన్నారు? నా నంబరు నుంచి వచ్చింది, బొంగురు గొంతుతో వచ్చింది. నేనే చావు కేక పెట్టి పంపాననుకున్నారు.

ముందు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. తర్వాత అయిదుగురు ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నారు. ఒకామె చేతిలో కత్తెర అలాగే ఉంది. ఒకామె ఒళ్లోంచి తంబాకు నా గడప నిండా రాలింది.

"అక్కా! ఏమైందే అక్కా!"

"నీళ్లు తేండ్రి, నీళ్లు!"

"అగ బాయీ, కాయ్ ఝాలా?"

"ఎవడన్న ఇంట్ల జొర్రిండా? యాడున్నడు ముండాకొడుకు?" అన్నది కత్తెరామె.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాను. అది చూసి నాకు ఊపిరి ఆడటం లేదనుకున్నారు. ఒకామె నన్ను పడుకోబెట్టింది. ఒకామె ఛాతీ రుద్దింది. నీళ్లు తెచ్చినామె కంగారులో సగం నా ముఖం మీద పోసింది. డాక్టరమ్మ మాట తప్పి అరుద్దామా అనిపించింది, ఒట్టు.

అప్పుడు నా చేతులకు పాత పని గుర్తొచ్చింది. బీడీలకు ముందు నేను కార్ఖానాలో నూలు కండెలు చుట్టేదాన్ని. మగ్గాల మధ్య మాట వినపడదు కాబట్టి అక్కడ అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. అరచెయ్యి బోర్లించి రెండుసార్లు తట్టితే 'ఏం కాలేదు, నడవనీ' అని. అయిదుగురిలో అందరికంటే పెద్దామె కూడా ఒకప్పుడు కండెలు చుట్టిందే. నేను ఆమె కళ్లలోకి చూస్తూ నేల మీద రెండుసార్లు తట్టాను.

ఆమె అందరినీ గద్దించింది. "ఆగుండ్రే! ఇడ్సిపెట్టుండ్రి దాన్ని. ఏం గాలేదంటున్నది."

నేను లేచి కూర్చుని, ముఖం తుడుచుకుని, ఫోన్ తీసి పాట పెట్టాను. అదే కేక, అదే ఆయాసం, మళ్లీ కేక. తర్వాత డ్రమ్ములు, గిటార్లు ఒక్కసారిగా ఇంటి మీద పడ్డాయి. అయిదుగురూ అలాగే నిలబడిపోయారు. మొదట కత్తెరామెకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎవరినీ ఆపలేకపోయాం. నవ్వొద్దని డాక్టరమ్మ చెప్పలేదు కానీ నేను కొంగు నోట్లో కుక్కుకుని చప్పుడు రాకుండా నవ్వాను.

"వీడెవడక్కా, అచ్చం నీ లెక్కనే అరుస్తుండు!"

"జాతరల తప్పిపోయిన తమ్ముడేమో, అడుగు!"

పెద్దామె మాత్రం నవ్వి ఊరుకోలేదు. గొంతు వాచిందని, మాట్లాడొద్దన్నారని కూతురు వాడలో చెప్పి పెట్టింది. అంతకు మించి చెప్పలేదు. ఆమె నా ఎదురుగా కూర్చుని రెండు వేళ్లు కలిపి, విడదీసి చూపించింది. 'దారం తెగిందా?' అని.

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించలేదు. నేను అరచేత్తో నుదుటి మీద సున్నా చుట్టాను. 'మేస్త్రీ చూడాలి, ఇంకా చూడలేదు' అని.

ఆమె మిగతావాళ్ల వైపు తిరిగి, "టెస్టుకు పంపిండ్రట" అన్నది.

ఇంక ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందరి ఒళ్లోనూ తంబాకే కదా. మా ఆయన సంగతి అందరూ చూసినదే. కత్తెరామె వంగి గడప మీది తంబాకును ఒక్క రేణువు మిగలకుండా ఎత్తి కొంగులో వేసుకుంది. ఇన్ని రోజులు ఈ మాట ఇంకొకరికి తెలిస్తే నిజమైపోతుందేమోనని భయపడ్డాను. తెలిశాక మాత్రం ఎవరో వచ్చి బరువుకు ఇంకో పక్క చెయ్యి వేసినట్టయింది.

వాళ్లు వెళ్లిన గంటకు మా వదిన వచ్చింది. ఊరవతల కుంభారిలో సర్కారు కొత్త ఇల్లు వచ్చి పోయిన ఏడే అక్కడికి మారింది, గ్రూపులో మాత్రం ఉంది. ఆ కేక విని బస్సెక్కి, దారంతా ఏడుస్తూ వచ్చింది. పక్కన కూర్చున్న ఎవరో ముసలాయన కూడా ఏడ్చాడట. గుమ్మంలో నన్ను చూసి, బతికే ఉన్నానని తెలిసి, ముందు నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"సచ్చినవనుకుంటి గదనే! బస్సుల నీకు పిండం గూడ పెట్టిన!"

ఆ రోజు నుంచి గ్రూపులో హారతి పాటలతో పాటు ఇవి కూడా రావడం మొదలైంది. ఎవరి పిల్లల ఫోన్లలో ఏది దొరికితే అది. "అక్కా, గీనె నీకంటె గట్టిగ అరుస్తుండు, ఇను" అని ఒకామె. "నా అల్లునికి గిదే పసందట, పిచ్చోనికిచ్చి చేసిన" అని ఇంకొకామె. కత్తెరామె అయితే డ్రమ్ముల పాట పెట్టుకుంటే కట్టలు తొందరగా అవుతున్నాయని చెప్పింది. నేను బొటనవేలు బొమ్మ పంపుతూ కూర్చున్నాను. రోజు కాస్త పొట్టిదైంది.

పదో రోజు వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చదువుతున్నంతసేపూ నా కూతురు నా చెయ్యి పట్టుకుని ఉంది. కుట్టి కుట్టి గట్టిపడిన దాని వేళ్లు చల్లగా ఉన్నాయి. డాక్టరమ్మ తల ఎత్తి, ఇంకే మాటా చెప్పకముందే, "కాన్సర్ నాహీ" అన్నది.

తర్వాత చెప్పినవి నాకు సగమే వినిపించాయి. పని చేసి చేసి చేతికి కాయలు కాస్తాయి కదా, అలాగే గొంతులోనూ కాసిందట. గట్టిగా పాడేవాళ్లకు ఇలా వస్తుందట.

"మావుశీ పాటలు పాడుతుందా?" అని నన్ను చూపిస్తూ మరాఠీలో అడిగింది.

"లేదు మేడం," అన్నది నా కూతురు, "అరుస్తుంది." అని నవ్వబోయి ఆగిపోయింది.

ఇంకో పది రోజులు మాట్లాడొద్దు. తర్వాత మెల్లగా మాట్లాడాలి. మగ్గాల మీదుగా అరవడం బంద్. తంబాకు ముట్టేటప్పుడు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. అన్నిటికీ తల ఊపాను. ఒంటికాలి మీద నిలబడమన్నా నిలబడేదాన్ని.

బయటికొచ్చి నా కూతురు దవాఖానా మెట్ల మీదే కూలబడింది. నా ఒళ్లో ముఖం పెట్టి ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు, అప్పుడు నన్ను పట్టుకునే పనిలో ఉంది పాపం. నేను మాట్లాడకూడదు కాబట్టి వీపు రాస్తూ కూర్చున్నాను. వచ్చేవాళ్లు పోయేవాళ్లు జాలిగా చూస్తున్నారు. ఒకావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "దేవున్ని నమ్ముకోండ్రి" అని కూడా చెప్పి వెళ్లింది. ఆమెకు ఎలా చెప్పాలి?

ఏడుపు ఆగాక ముక్కు తుడుచుకుంటూ అన్నది: "పది రోజుల సంది నేను ఒక్క పాట గూడ ఇనలేదమ్మా. నీకు పంపిన గని ఇనలే. ఇంటె మిషన్ కాడనే ఏడుస్తనని."

నేను దాని తల నా కడుపుకేసి అదుముకున్నాను.

ఆటోలోనే కూతురు నా ఫోన్ తీసుకుని ఆ గ్రూపులో చెప్పింది. ఇల్లు చేరేలోపు పదిహేడు జవాబులు వచ్చాయి. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి విన్నాం. కుంభారి వదిన అయితే మాట్లాడనే లేదు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒక్కటే పంపింది.

ఆ మధ్యాహ్నం నేను రెండు రొట్టెలు ఎక్కువ తిని, మగ్గాల చప్పుడులో ఆదమరిచి నిద్రపోయాను. సెలవు పెట్టిన కూతురు ఇంట్లోనే ఉంది. నేను లేచేసరికి అది గోడకు ఆనుకుని పాటలు వింటోంది. నన్ను చూడగానే ఫోన్ పట్టుకుని పక్కకు జరిగింది.

"గిది నీకోసమే దాచిన. కొత్తది. గింత మంచి పాట ఈ ఏడు ఇంకోటి రాలే."

ఒక తీగ నా చెవిలో పెట్టింది. పదకొండు నిమిషాల పాట. మొదటి నుంచి చివరి దాకా కదలకుండా విన్నాను. డ్రమ్ములవాడు లెక్క మారుస్తూనే ఉన్నాడు, పాడేవాడు ఎవరి మాటా వినడు, గిటారువాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. నాకు అస్సలు నచ్చలేదు.

ఆ పది రోజుల్లో అది పంపిన పాటల్లో ఒక్కదాన్ని కూడా బాగాలేదని నేను అనలేదు. సగం నచ్చలేదు, అయినా అన్నిటికీ బొటనవేలు పైకే. రేపు ఏదైనా అయితే, మా అమ్మ చివరికి నా పాటకు వంక పెట్టి పోయిందని దానికి గుర్తుండిపోతుందేమోనని. ఇప్పుడు ఆ భయం లేదు. చెవిలోంచి తీగ తీసి, దాని చేతిలో పెట్టి, బొటనవేలు కిందికి చూపించాను.

"ఏందీ?" అన్నది. నమ్మలేకపోయింది. "బాగలేదా? గిది బాగలేదా?"

తల ఊపాను. బాగాలేదు.

"నువ్వు సక్కగ ఇనలే. ఏడో నిమిషం సంది మళ్ల ఇను. ఆడ గిటార్ ఎట్లొస్తది సూడు. అమ్మా, ఇటు సూడు. అమ్మా!"

నేను లేచి చాయ్ పెట్టడానికి వెళ్లాను. అది నా వెనకే పొయ్యి దాకా వచ్చింది. ఆ పాట ఎందుకు గొప్పదో, ఆ డ్రమ్ములవాడు ఎంతటివాడో, నాకు పాత పాటల పిచ్చి ఎలా పట్టిందో, అన్నీ చెప్పింది. చాయ్ పొంగి పొయ్యి మీద పడినా ఆపలేదు. నా దగ్గర ప్రతి మాటకూ జవాబు ఉంది. ఆ గిటారువాడి సంగతైతే చాలా ఉంది. అన్నీ కడుపులో దాచుకుని దానికి చాయ్ గ్లాసు అందించాను. పది రోజులే కదా. తొందరేం లేదు.